‘హుడ్’ అడిగితే గుడ్డ టాప్ వచ్చింది: యూకేలో పార్టులు కొనే మనవాళ్లకు జాగ్రత్త

అమెరికాలో కొన్నాళ్లుండి యూకే వచ్చినవాళ్లు ఇది చదివాకే పార్టులకు ఫోన్ చెయ్యండి.

నాది పాత మాజ్డా ఎంఎక్స్-5, టాప్ తెరిచే చిన్న కారు. డాలస్‌లో మియాటా అనేవాళ్లం, అదే. పార్కింగ్‌లో ఓ వ్యాన్ వెనక్కొచ్చి బానెట్ సొట్టబోయింది. పాత బండ్లు విప్పి పార్టులమ్మే యార్డుకి ఫోన్ చేశా.

“ఎంఎక్స్-5కి హుడ్ ఉందా?”

“ఉంది. ఏ రంగు?”

“నలుపు.”

“నలుపే ఉంది, కండిషన్ బాగుంది.”

160 పౌండ్లు కట్టేశా. నాలుగో రోజు చాపచుట్టలాంటి పొడుగాటి మూట దిగింది. ప్లాస్టిక్ చింపితే నల్ల గుడ్డ, ఇనప చట్రం, మధ్యలో వెనక అద్దం. ఇక్కడ హుడ్ అంటే మడతపడే గుడ్డ టాప్ అట! ఇంజను మీది మూత బానెట్టే. బెజవాడ ఆటోనగర్ మేస్త్రీల నోట చిన్నప్పట్నుంచీ విన్న మాట. డాలస్‌లో నవ్వుతున్నారని దాన్ని అక్కడివాళ్లలా ‘హుడ్’ అని మార్చుకున్నందుకు ఇదీ ఫలితం.

“మీరడిగిందే పంపాం, వాపసు లేదు” అన్నారు. మొదటి ముక్క నిజమే, రెండోది పచ్చి అబద్ధం. వ్యాపారి దగ్గర ఫోన్లోనో ఆన్‌లైన్లోనో కొంటే, సెకండ్ హ్యాండ్ అయినా సరే, సరుకు అందిన 14 రోజుల్లోగా వద్దనొచ్చు. 2013 నాటి నిబంధనలు అవి. ఆ మాట ఈమెయిల్లో రాశాకే దిగొచ్చారు. తిరుగు రవాణా 34 పౌండ్లు మాత్రం నాకే పడ్డాయి. యార్డుకెళ్లి కొన్నా, మామూలు మనిషి దగ్గర కొన్నా ఈ హక్కుండదు.

ఇంకో పెద్ద బొక్క ‘డ్రైవర్ సైడ్’. అమెరికా సైట్లో అది ఎడమ, ఇక్కడ కుడి. ఇక్కడి దుకాణాల్లో కుడివైపుని ఆఫ్‌సైడ్, ఎడమవైపుని నియర్‌సైడ్ అంటారు. చవగ్గా వస్తుందని అమెరికా హెడ్‌లైట్ మాత్రం తెప్పించకండి. దాని వెలుగు కుడివైపుకి పడుతుంది, ఏటా బండికి చేసే ఎంఓటీ పరీక్షలో ఫెయిలే.

ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) కావాలంటే వింగ్ అనండి. అమెరికాలో వింగ్ అంటే డిక్కీ మీద రెక్క. ఇక్కడ బూట్ అంటే డిక్కీయే, అమెరికాలో బూట్ అనే యాక్సిల్ రబ్బరు తొడుగు కావాలంటే గైటర్ అనాలి. ఏదైనా పార్ట్ నంబరు చెప్పి, వాట్సాప్‌లో ఫొటో చూశాకే డబ్బు కట్టండి.

స్టెప్నీ అంటే మాత్రం ఇక్కడెవరికీ అర్థం కాదు, స్పేర్ వీల్ అనాల్సిందే. ఆ పేరేమో వేల్స్‌లోని లనెల్లి ఊళ్లో స్టెప్నీ స్ట్రీట్ నుంచే మనదాకా వచ్చింది!