త్సుషిమా ఆడాలంటే ఏ స్కేల్ మేలు: 1/1200, 1/2400, 1/3000, 1/6000?

బల్ల మీద చిన్న మోడళ్లతో ఆడే ఆవిరి యుద్ధనౌకల ఆటలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు ఏ స్కేల్ కొనాలని, అంటే మోడల్ అసలు ఓడలో ఎన్నో వంతు ఉండాలని అడుగుతారు. నేను మాత్రం ముందు ఏ యుద్ధం ఆడతారని అడుగుతాను. 1862లో ఓడలు పక్కపక్కకొచ్చి కొట్టుకున్నాయి. 1916 వచ్చేసరికి దిగంతంలో పొగ చూసి గుళ్లు వేశాయి. ఆ రెండింటికీ ఒకే స్కేల్ కుదరదు. ఈ సంగతి తెలియక నేను చేతులు కాల్చుకున్నాను.

నా మొదటి మోడల్ 1/1200 మికాసా. రష్యాతో జరిగిన త్సుషిమా నౌకాయుద్ధంలో జపాన్ అడ్మిరల్ టోగో ఎక్కిన ఓడ అది. అసలు ఓడ పొడవు సుమారు 132 మీటర్లు, మోడల్ 11 సెంటీమీటర్లు. అరచేతిలో పెట్టుకుంటే ముచ్చటేస్తుంది. లైఫ్ బోట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. మాస్ట్‌లు తీసేసి సన్నని ఇత్తడి తీగవి పెట్టాను, డెక్‌కి చెక్క రంగులు మూడు రకాలు వేశాను. నాలుగు ఆదివారాలు దానికే పోయాయి. అప్పుడు కూర్చుని లెక్క వేశాను. 1905 మే 27న టోగో వరుసలో ఉన్నవి 12 పెద్ద ఓడలు, నాలుగు బ్యాటిల్‌షిప్‌లు, ఎనిమిది కవచ క్రూయిజర్లు. ఎదురుగా రష్యన్ అడ్మిరల్ రోజెస్త్వెన్‌స్కీ వరుసలోనూ పన్నెండే. అంటే ఇంకా 23 ఓడలు మిగిలాయి. నా వేగంతో అయితే 92 ఆదివారాలు. టార్పెడో పడవలు ఇంకా లెక్కలోకే రాలేదు.

టైమ్ ఒక్కటే కాదు, బల్ల కూడా సమస్యే. టోగో వరుసలోని 12 ఓడలను ముక్కుకి తోక ఆనించి పెడితే 1/1200లో సుమారు 130 సెంటీమీటర్లు వస్తుంది. మధ్యలో ఒక్కో ఓడంత ఖాళీ వదిలితే రెండున్నర మీటర్లు. త్సుషిమాలో అసలు మజా టోగో మలుపులోనే ఉంది. శత్రువు కళ్లెదుటే, ఒకదాని వెనక ఒకటిగా, అన్ని ఓడలూ ఒకే చోట తిరిగాయి. ఆ కాసేపూ రష్యన్లు ఆ ఒక్క చోటికే గురిపెట్టి కొట్టవచ్చు. అంత తెగింపు అది. రెండున్నర మీటర్ల వరుసకు ఆ మలుపు తిప్పాలంటే బల్ల చాలదు, నేల మీదకు దిగాల్సిందే. అదే వరుస 1/3000లో మీటరుకు కాస్త అటూ ఇటూ. మామూలు భోజనాల బల్ల మీద తిరుగుతుంది.

ఇంకో చిక్కు దూరాలది. ఆ రోజు కాల్పులు మొదలైంది సుమారు 7,000 మీటర్ల దగ్గర. అది 1/1200లో దాదాపు 5.8 మీటర్లు, 1/3000లో 2.3 మీటర్లు. అందుకే చాలా రూల్స్‌లో దూరాలకు వేరే కొలత పెడతారు, ఓడకూ సముద్రానికీ లెక్క కలవదు. దానివల్ల మోడల్ ఎంత పెద్దదైతే అబద్ధం అంత పెద్దది. 11 సెంటీమీటర్ల ఓడలు రెండు బల్ల మీద జానెడు దూరంలో ఉండి "ఇది ఆరు కిలోమీటర్లు" అంటే కళ్లు ఒప్పుకోవు. నాలుగు సెంటీమీటర్ల ఓడలైతే ఒప్పుకుంటాయి.

కాబట్టి త్సుషిమాకు అసలు పోటీ 1/2400కీ 1/3000కీ మధ్యే. మికాసా మొదటిదాంట్లో 5.5 సెంటీమీటర్లు, రెండోదాంట్లో 4.4. చెప్పుకోవడానికి 11 మిల్లీమీటర్లే తేడా గానీ బ్రష్ పట్టుకుంటే తెలుస్తుంది. 1/2400లో టర్రెట్ (ఫిరంగులుండే తిరిగే గది) పైకప్పుకూ డెక్‌కూ మధ్య గీత నిలుస్తుంది, పక్కల ఫిరంగులకు నీడ వేయవచ్చు. 1/3000లో అవన్నీ ఒక పల్చటి నల్ల వాష్ పోసి వదిలేయాల్సినవే, రంగు తనంతట తానే సందుల్లోకి దిగుతుంది. చేయి వణికేవాళ్లకు ఇదే హాయి. కొనే దగ్గర చూస్తే 1/3000కి నావ్‌వార్ కంపెనీ వాళ్లు నౌకాదళం మొత్తాన్ని ఒకే ప్యాక్‌గా అమ్ముతారు. ఒక్క ఆర్డర్‌తో వరుస మొత్తం చేతికొస్తుంది. 1/2400లో టంబ్లింగ్ డైస్ లాంటివాళ్ల దగ్గర ఈ కాలపు ఓడలు దొరుకుతాయి. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను, ఈ రెండు స్కేళ్లనూ ఒకే బల్ల మీద కలపకండి. తేడా పావు వంతు. పక్కపక్కన పెట్టగానే బ్యాటిల్‌షిప్ క్రూయిజర్‌లా కనబడుతుంది.

నా ఓటు 1/3000కే. కారణం రంగులు. త్సుషిమాలో రష్యన్ ఓడల పక్కలు నలుపు, పొగగొట్టాలు పసుపు, వాటి అంచులు మళ్లీ నలుపు. జపాన్ ఓడలు పూర్తిగా బూడిద రంగు. బల్లకు రెండడుగుల దూరంలో నిలబడినా ఎవరి ఓడ ఏదో ఇట్టే తెలిసిపోతుంది. వివరాలు కనబడని స్కేల్‌లో రంగులే ఆ పని చేసిపెడతాయి. అయితే అచ్చ నలుపు వాడవద్దు. చిన్న మోడల్ మీద అది మసిబొగ్గులా ఉంటుంది, ఆకారమే కనబడదు. ముదురు బూడిద వేసి, అంచులకు డ్రైబ్రష్‌తో (రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో) ఇంకాస్త లేత రంగు తగిలిస్తే కంటికి నల్లగానే ఉంటుంది. జపాన్ బూడిదను కూడా డబ్బాలో ఉన్నదాని కంటే లేతగా చేయాలి. ప్రైమర్ (అన్నిటికంటే ముందు వేసే పూత) తెల్లదే మంచిది. పసుపు రంగు నల్ల ప్రైమర్ మీద ఎన్ని పూతలు వేసినా మురికిగానే ఉంటుంది, పొగగొట్టాల దగ్గర ఆ తేడా బాగా కొడుతుంది.

చిన్న స్కేల్‌తో ఇబ్బంది అక్కచెల్లెళ్ల దగ్గర వస్తుంది. క్న్యాజ్ సువోరోవ్, ఇంపెరాటర్ అలెగ్జాండర్ III, బోరోదినో, ఓర్యోల్ నాలుగూ ఒకే తరగతి ఓడలు, 1/3000లో నాలుగు కవలలు. జపాన్ వైపు షికిషిమాకు మూడు పొగగొట్టాలు కాబట్టి బతికిపోయాం. రష్యా వైపు బేస్ (ఓడను అతికించే పలక) వెనక అంచున పేరు రాయడం తప్పదు. కొందరు పేరు రాస్తే అందం పోతుందంటారు. ఆట మధ్యలో మునిగింది సువోరోవా బోరోదినోనా అని వాదులాడుకోవడం కంటే పేరే నయం.

లోహమా, 3డి ప్రింటా అన్నది కూడా స్కేల్‌ని బట్టే తేలుతుంది. ఫైల్ ఒకటుంటే ఏ సైజుకైనా ప్రింట్ చేసుకోవచ్చని సంబరపడతాం. నేనూ అలాగే పెద్ద మోడల్ ఫైల్‌ను 1/3000కి కుదించాను. ఫిరంగి గొట్టాలు వెంట్రుకల్లా వచ్చాయి, పెట్టెలోంచి తీసేలోపే సగం రాలిపోయాయి. 12 అంగుళాల ఫిరంగిని నిజంగా మూడు వేలవ వంతు చేస్తే గొట్టం మందం మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు. అందుకే చిన్న స్కేల్‌లో అచ్చు చేసేవాళ్లు ఫిరంగులను, మాస్ట్‌లను కావాలనే లావు చేస్తారు. అది తప్పు కాదు, చేయి తగిలే వస్తువు అలాగే ఉండాలి. లోహం వంగితే మళ్లీ సరిచేయవచ్చు, ప్రింట్‌కు వాడే రెసిన్ విరిగిందంటే అంతే. 1/1200లో అయితే ప్రింట్ అందాన్ని లోహం అందుకోవడం కష్టం. రెసిన్ గట్టిపడేదాకా గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. పాత లోహపు మోడళ్లలో సీసం ఉండవచ్చు, ఆకురాయి పట్టాక చేతులు కడుక్కోండి.

ఇదంతా త్సుషిమా సంగతి. వెనక్కి, 1866 జులై 20న ఆస్ట్రియాకూ ఇటలీకీ మధ్య జరిగిన లిస్సా నౌకాయుద్ధానికి వెళితే తీర్పు తిరగబడుతుంది. ఆస్ట్రియన్ల దగ్గర కవచ నౌకలు ఏడు, ఇటలీ దగ్గర పన్నెండు. ఆస్ట్రియన్ అడ్మిరల్ టెగెట్‌హోఫ్ తన ఓడలను బాణం ములుకు ఆకారంలో నిలిపి నేరుగా ఇటలీ వరుసలోకి దూసుకెళ్లాడు. అతని ఓడ ఎర్ట్స్‌హెర్ట్సోగ్ ఫెర్డినాండ్ మాక్స్ తన ముక్కుతో ఇటలీ ఓడ రె దిటాలియాను గుద్ది ముంచేసింది. ఇక్కడ దూరాలు లేవు, మలుపులే. ఓడకు ఓడ తగలడమే ఆట. ఫెర్డినాండ్ మాక్స్ 1/1200లో సుమారు 7 సెంటీమీటర్లు, ఓడలూ తక్కువే, కాబట్టి పెద్ద స్కేల్‌కు ఇదే సరైన చోటు. ఇంకా వెనక్కి, అమెరికా అంతర్యుద్ధంలో 1862లో జరిగిన హాంప్టన్ రోడ్స్ పోరుకి వెళితే 1/600 కూడా దుబారా కాదు. అందులో పోరాడిన కవచ నౌక మానిటర్ 1/3000లో రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు, దాని పేరు మోసిన టర్రెట్ ఆవగింజంత.

ముందుకు, 1916లో బ్రిటన్, జర్మనీ నౌకాదళాలు తలపడిన జట్‌లాండ్‌కి వస్తే రెండు పక్షాలవీ కలిపి 250 ఓడలు. బ్రిటిష్ అడ్మిరల్ జెల్లికో వరుసలోనే 24 డ్రెడ్‌నాట్లు, అంటే ఆ కాలపు కొత్త తరం బ్యాటిల్‌షిప్‌లు. ఖాళీలతో సహా 1/3000లో అది దాదాపు మూడు మీటర్లు, 1/6000లో ఒకటిన్నర. ఇక్కడ మారుమాట్లాడకుండా 1/6000 తీసుకోండి. ఓడలను విడివిడిగా కాకుండా రెండు మూడు కలిపి ఒక బేస్‌కు అతికించండి, డిస్ట్రాయర్లనైతే ఇంకా ఎక్కువ. రంగు వేయడం అంటారా, బూడిద ప్రైమర్, ఒక వాష్, డెక్‌కి ఒక గీత, అంతే. ఒక్క సాయంత్రంలో ఒక స్క్వాడ్రన్ తేలిపోతుంది.

నా 1/1200 మికాసా ఇప్పటికీ ఉంది. ప్రతి వంతుకీ ఎవరు ముందు కదలాలో పాచికలు తేల్చాక, గెలిచినవాళ్ల ముందు దాన్ని పెడతాం. రష్యా గెలిచినా సరే.