డెల్టా దొడ్డికి ఏ కంచె మేలు: వాక్కాయా, రేగా?

రెండూ మెట్ట మొక్కలే. రేగు జాతిలోనే పొట్టిగా పెరిగే ఝడ్‌బేరీ పొద థార్ ఎడారిలో విస్తారంగా ఉంటుంది. దాని ఆకు ఎండబెట్టి ‘పాలా’ పేరుతో మేకలకూ ఒంటెలకూ మేత వేస్తారు. జైసల్మేరు వైపు ఏడాది వాన 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. గోదావరి డెల్టాలో వెయ్యి దాటుతుంది. వేసవిలో కాలువలు కట్టేసినా ఈ రెండింటికీ దిగుల్లేదు. ఇక్కడ వీటిని చంపేది ఆగస్టులో పాదులో నిలిచే నీరు.

ఆ లెక్కన చూస్తే రేగు గట్టిది. వేరు లోతుకు దిగుతుంది, కొన్నాళ్లు నీరు నిలిచినా కోలుకుంటుంది, చవుడునూ ఓర్చుకుంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు తేలే నేలల్లో ముందు రేగునే నమ్మాలి. వాక్కాయ కొద్దిపాటి చవుడుకు తట్టుకుంటుంది గానీ బంకమట్టిలో నీరు ఆగితే ఆకు పసుపెక్కి రాలుతుంది, కొమ్మలు చివర్ల నుంచి ఎండుతూ వస్తాయి. తెగులనుకుని మందులు కొట్టడం దండగ, నీరు తీసేయాలి. అందుకే పల్లపు దొడ్లో వాక్కాయ పెడితే అడుగు ఎత్తున గట్టు పోసి, దాని మీదే నాటాలి. లంక నేలల్లో, ఇసుక మెరకల్లో ఆ అవసరం ఉండదు.

అయినా కంచెకు మేం చెప్పేది వాక్కాయే. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, జంట ముళ్లు గట్టిగా ఉంటాయి, కత్తిరించిన కొద్దీ అడుగు నుంచి గుబురుకడుతుంది. రేగు వేసవిలో ఆకు రాలుస్తుంది, వదిలేస్తే చెట్టవుతుంది, కింద సందులు పడతాయి. మేకకు ఆ సందు చాలు.

పది సెంట్ల చదరపు స్థలం చుట్టుకొలత సుమారు 80 మీటర్లు. 75 సెంటీమీటర్లకొకటి చొప్పున, గేటు పోను వంద మొక్కలు పడతాయి. అడుగున్నర లోతు, అంతే వెడల్పు కందకం తవ్వి, పైమట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి పూడ్చి, తొలకరి పడ్డాక నాటాలి. వేళ్లూని కొత్త చిగురు వేశాక 30 సెంటీమీటర్ల ఎత్తులో తల తుంచాలి. చాలామంది జాలిపడి ఇది మానేస్తారు. అప్పుడు మొక్క పైకి సాగి మొదలు బోడిగా మిగులుతుంది. తరువాత ఎంత కత్తిరించినా ఆ ఖాళీ పూడదు. మొదటి రెండేళ్లూ పెరుగుదల నిదానం, అంతవరకూ కొబ్బరి మట్టల దడి తప్పదు.

పూత కొమ్మల చివర్ల వస్తుంది గనుక జనవరి, ఫిబ్రవరిలో కత్తెర పెడితే ఆ ఏటి కాపు పోయినట్టే. కాయ కోశాక, సెప్టెంబరులో కత్తిరించాలి. పాలు కారి కత్తెర బంకపడుతుంది, చేతులకూ కత్తెరకూ కొబ్బరినూనె రాసుకోండి. గింజ నుంచి మొక్క పెంచుకునేవారు పండు నుంచి తీసిన వెంటనే నారు పోయాలి. దాచిన గింజ మొలకశక్తి త్వరగా కోల్పోతుంది. కొబ్బరి నీడ పడేచోట కంచె నిలుస్తుంది గానీ కాపు తగ్గుతుంది.

కాయ సంగతికొస్తే పోటీయే లేదు, రెండూ వేర్వేరు పనులకు. వాక్కాయ వానాకాలంలో పప్పుకూ పచ్చడికీ చింతపండు అక్కర్లేని పులుపు. పచ్చికాయలో పెక్టిన్ ఎక్కువ కాబట్టి జెల్లీ బాగా గడ్డకడుతుంది; బేకరీల్లో ఎర్ర చెర్రీగా అమ్మేది చాలాసార్లు పాకం పట్టిన వాక్కాయే. రేగు సంక్రాంతి వేళకు పండుతుంది. భోగిపళ్లకు చిన్న నాటు రేగే కావాలి. కడియం నర్సరీల్లో దొరికే యాపిల్ రేగు అంటు తినడానికి బాగుంటుంది గానీ పిల్లల తలమీద పోయడానికి మరీ పెద్దది.

అంటు తెచ్చేటప్పుడు అతుకు మట్టికి పైన ఉందో లేదో చూడండి. అతుకు కింద నుంచి వచ్చే పిలకలు నాటువి, వాటిని ఎప్పటికప్పుడు పీకేయకపోతే రెండేళ్లలో అంటును మింగేస్తాయి. రేగు కొత్త కొమ్మల మీదే కాస్తుంది, కాబట్టి వేసవిలో కిందటేటి కొమ్మల్ని సగం దాకా నరకాలి. నరకని చెట్టుకు కాయ ఏటేటా చిన్నదవుతుంది. ఎండ మాత్రం నిండుగా ఉండాలి, కొబ్బరి కింద పెట్టకండి.

డెల్టాలో రేగుకు అసలు బెడద కార్తీకం మంచులో మొదలయ్యే బూడిద తెగులు. పిందె మీద తెల్లపొడి కనబడగానే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి చల్లగా ఉన్న పూట కొట్టాలి. పండులో పురుగు కనబడితే అది పండు ఈగ. రాలిన పండ్లన్నీ ఏరి లోతుగా పూడ్చి, వేసవిలో చెట్టు కింద మట్టి తిరగేస్తే అందులోని కోశాలు ఎండకు చస్తాయి. వాక్కాయకు ఇంత చాకిరీ లేదు.

స్థలం ఉంటే చుట్టూ వాక్కాయ, ఈశాన్యం తప్పించి ఎండ తగిలే ఒక మూల ఒక్క రేగు. చవుడు తేలే మూల ఉంటే ఆ రేగు అక్కడే పెట్టండి.