జాగ్రత్త: ఏసీ ప్యానెల్ పోయిందని ఎవరైనా చెబితే వెంటనే కొనేయకండి

ఆటో క్లైమేట్ కంట్రోల్ (మనం పెట్టిన చల్లదనాన్ని అదే చూసుకునే ఏసీ) ఉన్న కారు నడిపేవాళ్లు, ముఖ్యంగా ఏసీ ఒకసారి వస్తూ ఒకసారి రాకుండా సతాయిస్తోందని సెకండ్ హ్యాండ్ ప్యానెల్ (డాష్‌బోర్డ్‌లో ఏసీ బటన్లుండే యూనిట్) కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతున్నవాళ్లు, ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. నేను గ్యాస్, కంప్రెసర్, ప్యానెల్ మూడింటికీ డబ్బు పెట్టాను. మూడింటిలో ఒక్కదాంట్లో కూడా తప్పు లేదు. పాడైంది ముందు బంపర్ వెనక ఉండే రెండు వైర్ల కనెక్టర్.

మొదటి నుంచీ చెప్తాను, ఎందుకంటే మీ కారు కూడా అచ్చం ఇలాగే చేస్తుండొచ్చు. పొద్దున బండి తీయగానే ఏసీ బ్రహ్మాండంగా వచ్చేది. అరగంట తిరిగాక ఏదో గతుకులో పడగానే చల్లదనం పోయేది, గాలి మాత్రం మామూలుగానే కొట్టేది. ట్రాఫిక్‌లో ఎంతసేపు ఆగినా మళ్లీ వచ్చేది కాదు. హైవే ఎక్కి కాసేపు వేగంగా పోతే మాత్రం దానంతటదే వచ్చేది. ఈ మాట వెళ్లిన ప్రతి చోటా చెప్పాను, ఒక్కరూ పట్టించుకోలేదు. జబ్బు ఏంటో అందులోనే ఉందని నాకూ అప్పుడు తెలియదు.

మొదటి వర్క్‌షాప్‌లో "గ్యాస్ తగ్గింది" అని గ్యాస్ కొట్టారు. ఎంత తగ్గింది అంటే జవాబు లేదు. ఏసీ గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయిపోయేది కాదు, మూసి ఉన్న పైపుల్లోనే తిరుగుతుంటుంది. ఏళ్ల తరబడి కొంచెం కొంచెం తగ్గడం వేరు, నిన్న బాగుండి ఇవాళ లేదంటే ఎక్కడో లీకు ఉండాలి. మెషీన్‌తో ఉన్న గ్యాసంతా బయటికి లాగి తూకం చూసి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన గ్రాములతో పోల్చితే తేలిపోయేది. అదేమీ చెయ్యలేదు. రాత్రంతా బండి వాళ్ల దగ్గరే ఉంది, పొద్దున ఇచ్చేటప్పటికి చల్లగా వస్తోంది, నేనూ సంతోషంగా తెచ్చుకున్నాను. రెండో రోజు సాయంత్రానికి మళ్లీ మామూలే.

రెండో చోట "క్లచ్ పట్టుకోవట్లేదు, కంప్రెసర్ పోయింది" అన్నారు. ఇది గేర్ల క్లచ్ కాదు, కంప్రెసర్ ముందుండేది. పట్టుకోవట్లేదన్నది నిజమే, నేనే చూశాను, పుల్లీ తిరుగుతోంది కానీ ముందున్న ప్లేటు కదలట్లేదు. కానీ ఎందుకు పట్టుకోవట్లేదు? ఆ అయస్కాంత క్లచ్‌కి 12 వోల్టులు అందితేనే ప్లేటు పుల్లీకి అతుక్కుంటుంది. కరెంటు అందుతున్నా అతుక్కోకపోతే కాయిల్ తెగిపోయిందనో, అరిగిపోయి గ్యాప్ పెరిగిందనో అనుకోవచ్చు. అసలు కరెంటే రాకపోతే క్లచ్ మాత్రం ఏం చేస్తుంది పాపం! కనెక్టర్ పీకి ఒక టెస్ట్ ల్యాంప్ పెడితే రెండు నిమిషాల్లో తేలే సంగతి. (ఇప్పుడు క్లచ్ లేని కంప్రెసర్లు కూడా చాలా కార్లలో వస్తున్నాయి, వాటిలో పుల్లీతో పాటు కంప్రెసర్ కూడా ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి కంటితో చూసి చెప్పలేం, లోపలి కంట్రోల్ వాల్వ్‌కి వెళ్లే సిగ్నల్ చూడాలి.) ల్యాంప్ పెట్టలేదు, కంప్రెసర్ మొత్తం మార్చారు, నా పాతది వాళ్లే ఉంచేసుకున్నారు. అది మంచి కంప్రెసర్ అని ఇప్పుడు నాకు తెలుసు, అదే మింగుడుపడట్లేదు.

పార్టు మార్చేటప్పుడు బ్యాటరీ తీసి పెట్టారు కదా, ఆ పూట ఏసీ వచ్చింది. మర్నాడు పోయింది. "కంప్రెసర్ కొత్తదే వేశాం, అయినా రావట్లేదంటే ఇక ప్యానెలే" అన్నారు. కొత్త ప్యానెల్ అంటే భరించలేని ఖర్చు, అందుకే పాత కార్ల పార్టులు అమ్మే ఒకాయన దగ్గర ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. ఫొటోలో పార్ట్ నంబర్ చివరి అక్షరం నాదానితో కలవలేదు. అడిగితే "అన్నీ ఒకటే సార్, టెస్ట్ చేసిన పీస్" అన్నాడు. ఒకటి కాదండీ. బయటికి బటన్లన్నీ అచ్చు ఒకేలా ఉంటాయి, లోపల ప్రోగ్రామ్ వేరు. బిగించాక చల్లదనం రాలేదు సరికదా, డ్రైవర్ వైపు వేడి గాలి, డాష్‌బోర్డ్ వెనక టకటకమని శబ్దం మొదలైంది. వేడి గాలినీ చల్ల గాలినీ కలిపే చిన్న తలుపులు లోపల ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో చిన్న మోటారు. ప్యానెల్ మారిస్తే ఆ తలుపులు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తిరుగుతాయో దానికి మళ్లీ నేర్పించాలి, కొన్ని కార్లలో కోడింగ్ కూడా చెయ్యాలి. ఇవేవీ ఎవరూ చెప్పలేదు.

వాపసు తీసుకోమని అమ్మినాయనకి ఫోన్ చేస్తే "ఎలక్ట్రికల్ పార్ట్, ఒకసారి ఫిట్ చేస్తే రిటర్న్ లేదు" అన్నాడు. ఎలా టెస్ట్ చేశారని అడిగాను. "కరెంట్ ఇచ్చి చూశాం, లైట్లన్నీ వెలిగాయి సార్." అదీ టెస్ట్.

చివరికి తెలిసినవాళ్లు చెబితే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను, ఆయన ఏసీ మెకానిక్ కాదు, ఆటో ఎలక్ట్రీషియన్. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని, నేను చెప్పింది మొత్తం విని, ముఖ్యంగా హైవే మీద వస్తుంది అన్నప్పుడు నన్ను ఆపి మళ్లీ చెప్పమని అడిగి, తర్వాత మీటర్‌లో ఒక మూల వేలు పెట్టి "బయట ఎంత ఉంది సార్?" అన్నారు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది నాకు. అక్కడ 2 డిగ్రీలు అని ఉంది. "మీ కారు చలికాలంలో ఉంది" అన్నారు.

ఇన్నాళ్లూ ఆ అంకె నా కళ్ల ముందే ఉంది. నేనొక్కడినే కాదు, బండి ముట్టుకున్న ఎవరూ చూడలేదు.

విషయం ఏంటంటే, బయటి వేడి ఎంతో చెప్పే సెన్సర్ ముందు గ్రిల్ వెనకో బంపర్ వెనకో ఉంటుంది. అది వేడి పెరిగితే రెసిస్టెన్స్ తగ్గే రకం. 25 డిగ్రీల దగ్గర రకాన్ని బట్టి 2 కిలో ఓమ్‌లో, 10 కిలో ఓమ్‌లో ఉంటుంది, సున్నా డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు మూడు రెట్లవుతుంది. దాని కనెక్టర్‌లో చిలుము పట్టి మధ్యలో ఇంకొంత రెసిస్టెన్స్ కలిసిందనుకోండి, కంప్యూటర్‌కి అది చలి లాగే కనిపిస్తుంది. వైరు పూర్తిగా తెగిపోతే మైనస్ 40 అనుకునే కార్లు చాలా ఉన్నాయి. బయట దాదాపు గడ్డకట్టే చలి ఉందనుకున్నప్పుడు కంప్రెసర్‌ని అసలు ఆన్ చెయ్యదు, అది దాని కాపలా. అంటే నా కొత్త కంప్రెసర్‌కి తిరగమని ఎవరూ చెప్పనే లేదు.

మరి హైవే మీద ఎందుకొచ్చేది? ఇది నాకు భలే నచ్చింది. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ వేడి, రేడియేటర్ వేడి ఆ సెన్సర్‌కి తగిలి తప్పు లెక్క వస్తుందని, చాలా కార్లలో ఆ అంకె తగ్గాలంటే వెంటనే తగ్గుతుంది, పెరగాలంటే మాత్రం కొంత వేగంతో కాసేపు పోతేనే నెమ్మదిగా పెరుగుతుంది, కావాలనే అలా పెడతారు. కాబట్టి గతుకులో కనెక్టర్ అర సెకను వదులైనా చాలు, అంకె టక్కున కిందికి పడిపోతుంది, తర్వాత కనెక్టర్ మళ్లీ సరిగ్గా తగిలినా వర్క్‌షాప్‌లో నిలబెట్టిన బండిలో అది గంటైనా పైకి రాదు. రాత్రంతా ఆపి ఇంజన్ చల్లబడ్డాక, లేదా బ్యాటరీ తీసి పెట్టాక, కొత్తగా లెక్క మొదలవుతుంది. నా బండి పొద్దున పూట బాగుండటం, "గ్యాస్ కొట్టగానే" బాగుపడటం, కంప్రెసర్ మార్చగానే బాగుపడటం అన్నీ ఇదే.

ఆయన స్కానర్ పెట్టి లైవ్ డేటా (సెన్సర్లు అప్పటికప్పుడు చెబుతున్న అంకెలు) నాకే చూపించారు: బయట 2, లోపల 36, గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ 31. అప్పుడు బంపర్ కొంచెం విప్పారు. కనెక్టర్ లాక్ పడలేదు, నీళ్లు పోకుండా ఉండే రబ్బరు లేదు, పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. అంతకు ముందు గీతలు పడ్డాయని బంపర్‌కి రంగు వేయించాను, తిరిగి బిగించినవాళ్లు సగం గుచ్చి వదిలేశారన్నమాట. సెన్సర్‌ని విడిగా మల్టీమీటర్‌కి పెట్టి నన్ను వేళ్లతో పట్టుకోమన్నారు, ఓమ్‌లు కిందికి దిగుతూ కనిపించాయి, సెన్సర్ బతికే ఉంది. కొత్త పిన్నులు, కొత్త కనెక్టర్ వేసి, నా పాత ప్యానెలే మళ్లీ పెట్టి, తలుపుల మోటార్లకు క్యాలిబ్రేషన్ చేశారు. కంప్రెసర్ టక్ మని పట్టుకున్న శబ్దానికి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు మీకు చెప్పేదేంటంటే, ఏ పార్టు పోయిందన్నా సరే, పోయిందని మీకు చూపించిన అంకె ఏదో అడగండి. క్లచ్ పోయిందంటే కనెక్టర్ దగ్గర ఎన్ని వోల్టులు వచ్చాయి? ప్యానెల్ పోయిందంటే దానికొచ్చే పవర్, ఎర్త్ చూశారా, అదీ లోడ్ మీద, అంటే ఏసీ, ఫ్యాన్ ఆన్‌లో ఉండగా చూశారా? మల్టీమీటర్‌తో ఊరికే బీప్ కొట్టిందంటే సరిపోదు, వైరులో ఒక్క పోగు మిగిలినా బీప్ కొడుతుంది, బ్లోయర్ (గాలి కొట్టే ఫ్యాన్) ఆన్ చెయ్యగానే చేతులెత్తేస్తుంది. ఇంకోటి, చవక స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్‌లే (కారు గుర్తుపెట్టుకునే తప్పుల నంబర్లు) చదువుతాయి, ఏసీ కోడ్‌లు ఎక్కువగా బి అక్షరంతో ఉంటాయి, అవి చూడలేని స్కానర్‌తో "కోడ్ ఏమీ లేదు" అంటే అర్థం లేదు. కోడ్ వచ్చినా గుడ్డిగా నమ్మకండి. డాష్‌బోర్డ్ మీద ఎండ సెన్సర్ ఉంటుంది, కొన్ని కార్లలో చీకటి షెడ్డులో చెక్ చేస్తే వెలుగు లేక దానికే ఫాల్ట్ కోడ్ వచ్చేస్తుంది, ఎండలోకి తీస్తే పోతుంది. అది చూసి సెన్సర్ కొనేసినవాళ్లు ఉంటారు.

బ్లోయర్ స్పీడ్ మాడ్యూల్ రెండోసారి కాలిపోయిందని మూడోది కొనబోతున్నవాళ్లు మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో ముందు చూపించుకోండి, బేరింగ్ బిగుసుకుపోయిన మోటారు మూడోదాన్నీ కాలుస్తుంది. ఎవరైనా ప్రెషర్ స్విచ్‌ని (గ్యాస్ తగ్గితే కంప్రెసర్‌ని ఆపేది) వైరుతో బైపాస్ చేసి "చూడండి, తిరుగుతోంది" అంటే ఒప్పుకోకండి. గ్యాస్‌తో పాటే ఆయిల్ తిరుగుతుంది, గ్యాస్ నిజంగా లేకపోతే ఆ కాస్త సేపట్లోనే కంప్రెసర్ అరిగిపోతుంది.

కొనాల్సే వస్తే, పార్ట్ నంబర్ చివరి అక్షరం దాకా కలవాలి, బిగించాక పనిచేయకపోతే వాపసు ఉందో లేదో మెసేజ్‌లో రాయించుకోవాలి. ఫోన్ మాట పనికిరాదు, నా అనుభవం అదే.

ఆ ప్యానెల్ ఇంకా నా దగ్గరే డబ్బాలో ఉంది, అమ్మకానికి పెట్టాను, ఏ నంబరో, ఎందుకు అమ్ముతున్నానో అన్నీ రాశాను. మొన్న ఒకాయన తన కారులో ఏసీ రావట్లేదు, అర్జంటుగా కావాలి అని మెసేజ్ పెట్టాడు. మీ మీటర్‌లో బయటి టెంపరేచర్ ఎంత చూపిస్తోంది అని అడిగాను. ఇప్పుడే చూసి చెప్తానన్నాడు. మళ్లీ మెసేజ్ రాలేదు.