చేతిలో పూలుంటే లోపలికి దారి: సైకోనాట్స్‌తో చాలాకాలం గడిపాక

డబుల్ ఫైన్ సంస్థ రూపొందించగా 2005లో విడుదలైన, ఇతరుల మనసుల్లోకి దిగి తిరిగే వీడియో గేమ్ సైకోనాట్స్‌ను నేను ఇప్పటికీ మళ్లీ మళ్లీ తెరవడానికి కారణం ఒక్కటే: మిల్క్‌మ్యాన్ కాన్‌స్పిరసీ ఘట్టంలో దొరికే ప్రవేశ వస్తువులు.

థోర్నీ టవర్స్ మానసిక చికిత్సాలయం గేటు తెరుచుకోవాలంటే కాపలాదారు బాయ్డ్ కూపర్ మనసులోకి దిగాలి. అక్కడి వీధులు గాలిలో మెలికలు తిరిగి ఉంటాయి. పొడవాటి కోట్లు తొడుక్కున్న గూఢచారులు మారువేషమంటూ చేతిలో ఒక్కో వస్తువు పట్టుకుని నిలబడతారు. స్టాప్ బోర్డు ఉన్నవాడు రోడ్డు పనివాడు, అప్పడాల కర్ర ఉన్నవాడు గృహిణి, శ్మశానంలో పూలు పట్టుకున్నవాడు భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు! మనమూ అదే వస్తువు పట్టుకుంటే తమవాడే అనుకుంటారు, లేకపోతే పట్టుకుని బయటికి నెట్టేస్తారు. ఇతర ఆటల్లో ఎర్ర తలుపుకు ఎర్ర తాళంచెవి వెతుకుతాం. ఇక్కడ తాళంచెవి ఒక అబద్ధం, కాపలావాళ్లు చెబుతున్నదీ అదే అబద్ధం.

నేను ఊహించని ఆనందం వాళ్ల మాటల్లో దొరికింది. దారి దొరికాక కూడా కదలకుండా నిలబడి వింటే, ఏ భావమూ లేని గొంతుతో ఒక్కొక్కడూ తన బూటకపు వృత్తి గురించి గంభీరంగా చెప్పుకుపోతాడు, పూలు పట్టుకున్నవాడి దుఃఖంలో కన్నీటి తడి బొత్తిగా ఉండదు. దివ్యదృష్టి శక్తితో వాళ్ల కళ్లలోంచి మనం ఆడించే కథానాయకుడు రాజ్‌ను చూడటం మరో వినోదం.

అయితే కథ తెలిశాక ఏ వీధికి ఏ వస్తువో ముందే గుర్తుంటుంది కనుక, ప్రతిసారీ సామాన్ల పట్టిక తెరిచి వస్తువు మార్చుకోవడం విసుగు పుట్టిస్తుంది. ప్రతి మనసులోనూ ఏడుస్తూ కూర్చునే పెట్టెలకు సరిపోయే ట్యాగులు తెచ్చివ్వడం మొదట ముచ్చటగానే ఉంటుంది, అయిదు రకాల సామానూ జతపడితే చిత్రకారుల తొలి గీతలూ చూడవచ్చు. కానీ గోడల మీద, గాలిలో పారదర్శకంగా కదిలే ఊహాచిత్రాలన్నిటినీ ఏరుకోవడం మాత్రం నా కళ్లకు శిక్షే.

వేగంగా సాగే ఆంగ్ల సంభాషణలను నేను ఉపశీర్షికల సాయంతో అందుకుంటాను. ఆ ఓపిక లేనివారికి ఈ హాస్యం సగమే చేరుతుంది. నాకున్నట్టు తీరికగా తిరిగే అలవాటు ఉంటే, కనీసం ఈ ఒక్క ఘట్టం కోసమైనా కొనవచ్చు.