మంప్సా, జీఎంరెసా: పెట్సీలో సాల్వర్ మొరాయిస్తే

ఒక్క ప్రాసెస్‌తో చక్కగా నడిచిన కోడ్ 64 ప్రాసెస్‌లకు వెళ్లగానే కన్వర్జ్ కాకపోతే (జవాబుకు చేరకపోతే) చాలామంది ముందు ఎంపీఐని, అంటే ప్రాసెస్‌ల మధ్య సమాచారం చేరవేసే వ్యవస్థను, అనుమానిస్తారు. తరచూ దోషం ప్రీకండిషనర్‌దే, అంటే సాల్వర్ త్వరగా జవాబుకు చేరేలా సమీకరణాలను సులువైన రూపంలోకి మార్చే భాగానిదే. పెద్ద సమీకరణాలను సాధించే లైబ్రరీ పెట్సీ (PETSc) డిఫాల్ట్‌గా వాడేది జీఎంరెస్ (GMRES), అంటే జవాబును ఇటరేషన్లలో మెరుగుపరుస్తూ పోయే సాల్వర్; అది 30 ఇటరేషన్లకోసారి రీస్టార్ట్ అవుతుంది. సమాంతరంగా నడిపితే దానికి తోడు మ్యాట్రిక్స్‌ను ప్రాసెస్‌కో బ్లాకుగా విడదీసే ప్రీకండిషనర్ బ్లాక్ జాకోబీ, ఒక్కో బ్లాకులో ఐఎల్‌యూ(0) అనే ఉజ్జాయింపు ఫ్యాక్టరైజేషన్. ప్రాసెస్‌లు పెరిగేకొద్దీ బ్లాకులు చిన్నవవుతాయి, వాటి మధ్య సంబంధం ప్రీకండిషనర్ లెక్కలోకి రాదు. ఇటరేషన్లు పెరిగేది అందుకే. పైగా తెరమీద దిగుతూ కనబడేది ప్రీకండిషన్ చేసిన రెసిడ్యువల్ (సమీకరణంలో ఇంకా మిగిలిన తేడా). అసలు రెసిడ్యువల్‌ను విడిగా అచ్చు వేయించి చూడకుండా ఆ అంకెల్ని నమ్మొద్దు.

మంప్స్ (MUMPS) డైరెక్ట్ సాల్వర్, ఇటరేషన్లతో కాకుండా మ్యాట్రిక్స్‌ను ఫ్యాక్టరైజ్ చేసి జవాబు తెస్తుంది, దానికి ఈ గొడవ లేదు. రోగ నిర్ధారణకు నేరుగా దీన్నే వాడండి. దీంతో జవాబు సరిగ్గా వచ్చిందంటే మ్యాట్రిక్స్ బాగానే ఉన్నట్టు, మార్చాల్సింది ప్రీకండిషనర్‌ని. మంప్స్ ఎర్రర్ కోడ్ -10 ఇస్తే మ్యాట్రిక్స్ సింగ్యులర్, అంటే ఒకే ఒక్క జవాబంటూ ఉండదు. ప్రెషర్ సమీకరణానికి అన్ని అంచుల్లోనూ న్యూమన్ కండిషనే (విలువ కాక, అంచు దగ్గర దాని వాలును మాత్రమే ఇచ్చేది) పెట్టారేమో చూడండి. -9 అంటే ముందు వేసుకున్న అంచనాకు వర్క్‌స్పేస్ చాలలేదు, ఆ అంచనాపై ఎంత శాతం అదనంగా తీసుకోవాలో చెప్పే మంప్స్ సెట్టింగ్ ఐసీఎన్‌టీఎల్(14)ను 50కో 100కో పెంచాలి. -13 అయితే మెమరీయే దొరకలేదు, నోడ్‌కు ప్రాసెస్‌లు తగ్గించండి.

3డీలో మంప్స్ ఖరీదు మాత్రం మామూలుది కాదు. అన్‌నోన్లు రెట్టింపైతే మెమరీ సుమారు 2.5 రెట్లు, లెక్కింపు 4 రెట్లు. పెద్ద మెష్‌పై ప్వాసాన్ లాంటి సమస్యకు జీఎంరెస్‌నే ఉంచి, బ్లాక్ జాకోబీ స్థానంలో ఆల్జీబ్రాయిక్ మల్టీగ్రిడ్ (మ్యాట్రిక్స్ నుంచే దాని చిన్న రూపాలు తయారుచేసుకుని వాడే ప్రీకండిషనర్) పెట్టాలి.