17పి డిలీషన్ ఉన్న సీఎల్‌ఎల్‌కి మాత్రలా, ట్రాన్స్‌ప్లాంటా: ఏది మేలు?

క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా, అంటే సీఎల్‌ఎల్ అనే రక్త క్యాన్సర్, ఉన్నవాళ్ల ఫిష్ రిపోర్టులో (జన్యువులకి రంగు తగిలించి చూసే టెస్టు) '17పి డిలీషన్', అంటే 17వ క్రోమోజోములో టీపీ53 జన్యువు ఉండే ముక్క పోయింది అని కనపడితే టెన్షన్ మొదలవుతుంది. మైక్రోస్కోపు కింద ఒక్కో కణంలో టీపీ53 జన్యువుకి రెండు రంగు చుక్కలు మెరవాలి, 17పి పోయిన కణంలో ఒక్కటే మెరుస్తుంది. ఒకటైనా మిగిలింది కదా అనుకోవద్దు, చాలామందిలో ఆ మిగిలినదీ మ్యుటేషన్‌తో చెడిపోయే ఉంటుంది.

ఫ్లుడారబిన్ లాంటి కీమో మందు కణం డీఎన్‌ఏని దెబ్బకొడుతుంది. ఆ దెబ్బ చూసి కణాన్ని చచ్చిపొమ్మని చెప్పాల్సింది టీపీ53 తయారుచేసే ప్రోటీనే, అది లేనప్పుడు ఎంత కొట్టినా కణం బతికేస్తుంది. అందుకే కీమోని పక్కన పెట్టేద్దాం.

ట్రాన్స్‌ప్లాంట్‌లో, అంటే డోనర్ మూలకణాలు ఎక్కించే చికిత్సలో, లుకేమియాని అణిచేది ప్రధానంగా డోనర్ టీ కణాలు (రోగనిరోధక కణాలు), వాటికి టీపీ53తో పనిలేదు. 90 మందికి ట్రాన్స్‌ప్లాంట్ చేసి 2010లో ఫలితాలు ప్రచురించిన జర్మన్ సీఎల్‌ఎల్3ఎక్స్ ట్రయల్‌లో 17పి డిలీషన్ ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు, నాలుగేళ్లకి బతికున్నవాళ్లు 65 శాతం. వినడానికి బాగానే ఉంది, కానీ అదే నాలుగేళ్లలో 23 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండానే, అంటే ట్రాన్స్‌ప్లాంట్ తెచ్చిన ఇబ్బందులతోనే పోయారు. ఇన్ఫెక్షన్లు ఒకటి, జీవీహెచ్‌డీ ఇంకొకటి: డోనర్ కణాలు మన చర్మాన్నీ పేగుల్నీ కాలేయాన్నీ పరాయివనుకుని మీదపడతాయి.

మాత్రల్లో అమెరికాలో ఇబ్రుటినిబ్‌కి సీఎల్‌ఎల్ కోసం 2014లో, వెనెటోక్లాక్స్‌కి 2016లో అనుమతి వచ్చింది. 17పి డిలీషన్ ఉన్నా ఇవి పనిచేస్తాయి, ఇంట్లోనే మింగొచ్చు. అయితే జబ్బుని వేళ్లతో పీకేయవు, 17పి డిలీషన్ ఉన్నవాళ్లలో పట్టు త్వరగా జారుతుంది, ఇబ్రుటినిబ్ వాడుతుంటే సీ481ఎస్ అనే కొత్త మ్యుటేషన్ పుట్టి మందుని అతుక్కోనివ్వకపోవచ్చు. గుండె దడ, రక్తస్రావం గొడవలూ ఉన్నాయి.

నన్నడిగితే ముందు మాత్రలే. నాలుగో వంతు మందిని పోగొట్టుకునే పందెం మొదటి రోజే ఎందుకు? కానీ మొదటి రకం మాత్ర పట్టు తప్పగానే డోనర్ మ్యాచ్ చూసే హెచ్‌ఎల్‌ఏ టెస్టు చేయించుకోవాలి, ఎందుకంటే ఒక్కో తోబుట్టువు పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒకటే, బయట డోనర్ని వెతకాలంటే టైం పడుతుంది. రెండో రకం మాత్రతో లింఫ్ గడ్డలు తగ్గి జబ్బు అదుపులో ఉన్నప్పుడే ట్రాన్స్‌ప్లాంట్ గురించి డాక్టర్‌తో గట్టిగా మాట్లాడాలి, ఆ మాత్ర కూడా పనిచేయడం మానేశాక వెళ్తే డోనర్ కణాలు కుదురుకునేలోపే లుకేమియా పెరిగిపోతుంది.