టైమ్‌లాప్సా, మామూలు వీడియోనా?

మబ్బుల రూపం మారడం కళ్ళకు కట్టాలంటే నా ఓటు టైమ్‌లాప్స్‌కే, అంటే కాసేపటికో ఫోటో తీసి, అన్నిటినీ వేగంగా వీడియోలా ఆడించడానికే. ఐదు సెకన్లకో ఫోటో చొప్పున గంటసేపు తీస్తే 720 ఫ్రేములు. సెకనుకు 30 చొప్పున ఆడిస్తే 24 సెకన్ల వీడియో. అందులో క్యుములస్ మబ్బును, అంటే దూదికుప్పలాంటి మబ్బును చూడండి: అడుగు చదునుగా అలాగే ఉంటుంది, తల మాత్రం కాలీఫ్లవర్‌లా పొంగుతూ పోతుంది. వేడెక్కి పైకి లేచిన గాలి ఒక ఎత్తుకు చేరేసరికి చల్లబడి, అందులోని ఆవిరి నీటి తుంపరలుగా మారుతుంది. మబ్బు చదునైన అడుగు ఉండేది ఆ ఎత్తులోనే. పక్కనున్న పొడి గాలి కలిసిన చోట అంచు కరిగిపోతుంది. ఎంతసేపు తలెత్తి చూసినా ఇదంతా ఇంత స్పష్టంగా పట్టుబడదు, అందుకే నాకు టైమ్‌లాప్స్ అంటే అంత ఇష్టం.

కాకపోతే ట్రైపాడ్ తప్పనిసరి. ఎక్స్‌పోజర్ (ఫోటో ఎంత వెలుతురుగా రావాలో), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ) మారకుండా లాక్ చేయకపోతే వీడియో అంతా మినుకుమినుకుమంటుంది.

మామూలు వీడియోకి ఈ తంటా లేదు. గంటసేపు తీసింది చూసే ఓపిక ఎవరికీ ఉండదు గానీ, ఉరుముల మబ్బు వస్తే మాత్రం అదే మేలు. టైమ్‌లాప్స్‌లో రెండు ఫోటోల మధ్య మెరుపు జారిపోతుంది, ఉరుము అసలే వినిపించదు.

టైమ్‌లాప్స్ తీసేటప్పుడు మబ్బులు వేగంగా కదులుతుంటే ఫోటోకీ ఫోటోకీ మధ్య ఐదు సెకన్లు ఎక్కువే, రెండుకి తగ్గించండి.